కుడి చెవి సాక్ష్యం

తలుపు మూసుకుంది, దానితో పాటే వీధి కూడా ఆగిపోయింది, లారీలు, హారన్లు, వరండాలో ఎవరో కుర్చీ ఈడుస్తున్న చప్పుడు, అన్నీ ఒక్కసారే, ఇక మిగిలింది నా ఊపిరి, నా గుటక. ఈ చిన్న గదిలో మనిషికి తన గుటక తనకే వినపడుతుందని ఎంతమందికి చెప్పి ఉంటాను, కంగారు పడకండి, అది మీరే అని. చెవుల పరీక్ష చేసేదాన్ని నేను. అద్దానికి అవతల మెషీన్ ముందున్న ఆ తిరిగే కుర్చీ నాది, ఇవతలి కుర్చీ వచ్చినవాళ్ళది. ఇవాళ నా కుర్చీలో పిచ్చుక కూర్చుంది. పిచ్చుక అంటే నా శిష్యురాలు, ఒక చోట కుదురుగా నిలబడదని నేనే పెట్టిన పేరు, ఇప్పుడు మాత్రం వెన్ను నిటారుగా పెట్టుకుని మైకులో నా పాఠం నాకే అప్పజెబుతోంది, వినపడితే బటన్ నొక్కండి మేడం, ఎంత సన్నగా వినపడినా నొక్కండి, వినపడకపోతే ఊరికే కూర్చోండి, అందులో తప్పేం లేదు. ఆ చివరి ముక్క నేను చేర్చిందే. అది చెప్పకపోతే జనం వినపడకపోయినా నొక్కేస్తారు, పరీక్ష అన్న మాట వినగానే పాసవ్వాలనుకుంటారు వెర్రివాళ్ళు, ఆమధ్య ఒక బస్సు డ్రైవర్ అయితే మెషీన్ ఊరుకున్నా తాళం వేసినట్టు నొక్కుతూనే ఉన్నాడు, నేను చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాను, ఆయన ఉద్యోగం ఆయన వేలి కొసన వేలాడుతోందని తెలిసీ లోపల నవ్వుకున్నాను కూడా. ఇప్పుడు అదే బటన్ నా చేతిలో ఉంది, చెమటకి జారుతోంది. బయట బెంచీ మీద మా అన్నయ్య ఉన్నాడు. నా కుడి చెవి తిరిగి వచ్చిందని ఈ మెషీన్ చెబితే ఆయన దేవుణ్ణి నమ్ముతాడు. తిరిగి రాలేదని నాకు ముందే తెలుసు.

ఎడమ చెవి ముందు. హెడ్‌ఫోన్స్‌లో కూత, నొక్కాను, ఇంకొంచెం సన్నగా కూత, నొక్కాను, ఈ చెవికేం, గుండ్రాయిలా ఉంది, పక్కింట్లో చెంచా కింద పడినా చెబుతుంది. ఇదీ దేవుడిచ్చిందే గదా, దీని గురించి ఒక్కనాడూ ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు, బాగున్నదానికి సాక్ష్యం ఎవరు అడుగుతారు, పోయిందానికే అంత రభస. అన్నయ్యది సాక్ష్యాల బతుకే. ఇన్సూరెన్స్ వాళ్ళ తరఫున తగలబడిన గోదాములూ నుజ్జయిన కార్లూ చూసి ఏది ప్రమాదమో ఏది కావాలని చేసిందో తేల్చడం ఆయన పని, మంటల్లో మొత్తం పోయిందని గుండెలు బాదుకునేవాళ్ళని చూసి చూసి, బూడిద తీసుకురా, అప్పుడు మంట సంగతి మాట్లాడదాం అంటాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గదన్నయ్యా, ఈ లోకమంతా పొగే గదా అని నేను వాదిస్తే, పొగ చాలా రకాలుగా వస్తుంది చిట్టీ, నేను ఇరవై రకాలు చూశాను అనేవాడు, ఎగతాళిగా కాదు, అదే నాకు ఒళ్ళు మండేది, ఎగతాళి చేస్తే తిట్టి పోసేదాన్ని. వదిన మా ఇద్దరి మధ్యా పళ్ళేలు సర్దుతూ నవ్వేది. ఆయనకి నమ్మకం లేకపోతేనేం, నా దగ్గర ఇద్దరికి సరిపడా ఉంది అనేది. అన్నయ్య ఆ మాటకి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. వదిన పోయి ఏడాది దాటింది, ఇప్పుడు ఆ ఇద్దరికి సరిపడా ఉన్నది ఎక్కడికి పోయిందో, ఆయన వంటింట్లో ఇప్పటికీ రెండు గ్లాసులే బోర్లించి ఉంటాయి. నేను అడగను. కూత, నొక్కాను.

నా చెవి పోయింది ఒక మామూలు పొద్దున్న. లేచి మొహం కడుక్కుంటుంటే కుడివైపు లోకం లేదు, అంతే, దూది కుక్కినట్టు కూడా లేదు, దూది ఉన్నా ఏదో ఉన్నట్టుంటుంది. మర్నాడు పిచ్చుకే పరీక్ష చేసింది, గ్రాఫ్ చూసి నాకంటే ముందు అదే ఏడ్చింది. ఇంజక్షన్లు, మాత్రలు, వస్తే రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టరు, ఆ మాట నేనూ వందసార్లు చెప్పినదే, అవతలివాళ్ళకి ఎంత చల్లగా తగులుతుందో అప్పుడు తెలిసింది. చెవులు చూసేదానికి చెవి లేకపోవడమా, కంటి డాక్టరు గోడకి గుద్దుకున్నట్టు. ప్రార్థన చేశాను. చిన్నప్పటినుంచీ చేస్తున్నదే, పిలిస్తే పలుకుతాడని నేను ఊళ్ళో అందరికీ చెప్పేదాన్నే, ఈసారి మాత్రం పలకడం అంటే అక్షరాలా పలకాలని, ఆ చెవిలోనే పలకాలని పట్టుబట్టాను, అప్పులవాడి ఇంటి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాను రోజూ. ఒక మధ్యాహ్నం పలికింది. కుడి చెవిలో, లోపల ఎక్కడో, సన్నగా, గాజు గ్లాసు అంచు మీద తడి వేలు తిప్పితే వచ్చే మోత, అలా నిలిచి, నిలిచి, పోయింది. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారిపోయాయి. అన్నయ్యకి ఫోన్ చేశాను. వినపడింది అన్నయ్యా, వచ్చేసింది, నేను అడిగాను, ఇచ్చాడు అన్నాను. తరవాత ఆయన అడిగాడు, "అంటే చిట్టీ, మీ వదిన కూడా ఎక్కడో ఉన్నట్టేనా?"

ఉంది అన్నయ్యా అన్నాను. ఆ మాట నోట్లోంచి బయటికి వస్తుండగానే తెలిసింది నాకు, దేవుడి మీద ఒట్టు, అంతకుముందు తెలియదు. చచ్చిన చెవి మోగుతుంది. రావలసిన శబ్దం రాకపోతే మెదడు ఊరుకోలేక తనే ఒకటి తయారుచేసుకుంటుంది, దాన్ని హోరు అంటాం, దానికి మందు లేదండీ, అలవాటు పడాలి, బయటి శబ్దం కాదది, మీ లోపలిదే అని చెప్పీ చెప్పీ నోరు అరిగినదాన్ని నేను. ఇంకెవరైనా ఆ మోతని దేవుడనుకుంటే అమాయకత్వం, నేను అనుకోవడాన్ని ఏమంటారు. అప్పుడే చెప్పెయ్యాల్సింది, ఆగన్నయ్యా, పొరపాటు పడ్డాను అని, ఒక్క మాట, ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది, ఎడమ చెవి దగ్గర, అది కూడా గమనించాను, వచ్చేసింది వచ్చేసింది అంటూ మంచి చెవికే పెట్టుకుని మాట్లాడుతున్నాను. చెప్పలేదు. ఆయన గొంతులో అంతవరకూ నేను వినని మెత్తదనం ఏదో వచ్చింది, దాన్ని పోగొట్టడానికి మనసొప్పలేదు, అదీ ఒక కారణం, రెండో కారణం ఇంకా సిగ్గుమాలినది, ముప్పై ఏళ్ళ వాదనలో నేను గెలిచాను.

గెలిచినదాని సంబడం చూడు. ఆ సాయంత్రం నుంచీ అన్నయ్య నడకకి వచ్చి నాకు కుడిపక్కనే నడవడం మొదలుపెట్టాడు. చెవి పోయిన కొత్తలో గుర్తుపెట్టుకుని ఎడమకి వచ్చేవాడు, ఇప్పుడు కావాలని, ముచ్చటపడి, చిన్నపిల్లకి కొత్త గౌను తొడిగి తిప్పినట్టు, కుడికి వచ్చి ఆ చెవితోనే మాట్లాడేవాడు. బస్సులు పోతుంటాయి, మిల్లు గోడ వెంట గాలి, సగం మాట గాలికి, సగం చచ్చిన చెవికి. నేను ఊఁ కొట్టేదాన్ని. వినపడని వాళ్ళు ఎలా నెట్టుకొస్తారో నాకంటే బాగా ఎవరికి తెలుసు, ముందు చిరునవ్వు, తరవాత తల ఊపడం, మధ్యలో ఒక అయ్యో, పెదాలు ఆగినప్పుడు ఊఁ, అదంతా నేను జనానికి మాన్పించే జబ్బు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టంటారు, అన్నయ్య రోజూ ఊదాడు, నేను రోజూ తల ఊపాను. ఒకరోజు మిల్లు గోడ దగ్గర ఆగి చాలాసేపు మాట్లాడాడు. నా వైపు కాదు, గోడ వైపు చూస్తూ, అందుకని పెదాలు కూడా అందలేదు. కళ్ళు తడిగా ఉన్నట్టనిపించింది, గాలి అనుకున్నాను, కాదు, గాలి అనుకుంటే బాగుంటుందనుకున్నాను. అయిపోయాక నా మొహంలోకి చూశాడు. నవ్వితే ఎప్పుడూ ప్రమాదం లేదు గదా, నవ్వాను. తల ఊపాను. ఆయన ఒక్క నిట్టూర్పు విడిచి నడిచాడు. మనిషి గోతిలో పడితే పైనుంచి నవ్వే దయ్యం ఎలా ఉంటుందో నాకు తెలియదు గాని నాలాగే ఉంటుందేమో.

పరీక్ష మాట ఎత్తింది కూడా ఆయనే. అనుమానంతో కాదు, ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ చెప్పాడు, నువ్వు అబద్ధం చెబుతావని కాదు చిట్టీ, నాకు కాగితం మీద చూడాలని ఉంది, ఇన్నేళ్ళూ కాగితం చూసి కాదన్నాను, ఒక్కసారి కాగితం చూసి అవునంటాను, అంతే. అలా అడిగితే ఏమని తప్పించుకుంటాను. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి, క్లినిక్‌లో జనం, మెషీన్ రిపేరు, అన్నీ అయిపోయాయి.

కుడి చెవి. పిచ్చుక అద్దంలోంచి తన కుడి చెవి వైపు వేలు చూపించి నవ్వింది. ఇప్పుడిక ఏమీ రాదు, నేను నొక్కను, గ్రాఫ్ అడుగున గీత పడుతుంది, అన్నయ్య కాగితం చూస్తాడు, అంతే గదా, ఉరి తీయరు గదా. కూత. ఏమిటిది. కూత వినపడింది. నొక్కాను, ఆలోచించకుండానే నొక్కాను, ఇంకోటి, కొంచెం సన్నగా, వినపడింది, నొక్కాను, ఒళ్ళంతా జల్లుమంది, దేవుడా, దేవుడా, నిన్ను అనుమానించాను, హోరన్నాను, నా నోరు పడిపోను, ఇంకోటి, వినపడింది, ఎక్కడ, ఎక్కడ వినపడింది. ఆ ప్రశ్న నేను అడగలేదు, నా ఉద్యోగం అడిగింది. కళ్ళు మూసుకున్నాను. కూత ఎడమవైపు ఉంది. కుడి చెవికి గట్టిగా ఊదిన కూత తలలోని ఎముక మీదుగా దాటి ఎడమ చెవిని చేరుతోంది, చచ్చిన చెవి తరఫున మంచి చెవి దొంగ సాక్ష్యం చెబుతోంది. అందుకే ఒక చెవి పోయినవాళ్ళకి మంచి చెవిలో మెషీన్‌తో హోరు పెడతాం, వాన చప్పుడులాంటి హోరు, అది దాని గొడవలో అది ఉంటే దీని సంగతి తేలుతుందని. పిచ్చుక హోరు పెట్టలేదు. మరిచిపోయింది.

మరిచిపోయింది ఆ పిల్ల, నేనేం చేశాను, నేను వినపడితే నొక్కాను. వినపడితే నొక్కండి అనే గదా చెప్పింది. ఏ చెవికి వినపడితే అని చెప్పలేదే. ఇంత చక్కగా అమరింది చూడు, నేను అబద్ధం ఆడక్కర్లేదు, నోరు విప్పకపోతే చాలు, గ్రాఫ్ దానంతటదే మధ్యకి లేస్తుంది, పూర్తిగా బాగుపడినట్టు రాదు గాని సగం బాగుపడినట్టు వస్తుంది, సగం మహిమ చాలు మా అన్నయ్యకి, సగమైతేనే ఇంకా నమ్మకంగా ఉంటుంది. ఎవరికి తెలుసు, ఈ మరుపు కూడా ఆ దేవుడు పెట్టిందేనేమో. ఛీ. దేవుడు పిచ్చుకని మరిచిపోయేలా చేసి, ఎముక మీదుగా కూతని దాటించి, బతుకంతా నిక్కచ్చిగా ఉన్న అన్నయ్యని నాతో మోసం చేయిస్తాడా, అలాంటివాడైతే ఆయనకీ గోదాము తగలబెట్టుకున్నవాడికీ తేడా ఏముంది. కూత. వేలు నొక్కేసింది. వేలే నొక్కింది, నేను కాదు అనుకుందామా. అద్దం వెనక పిచ్చుక మొహం వెలిగిపోతోంది, గ్రాఫ్ మీద గుర్తులు పెడుతూ ఆగలేకపోయింది, పరీక్ష మధ్యలో కుర్చీ తిప్పి తలుపు గాజులోంచి వరండాలోకి బొటనవేలు చూపించింది. అలా చేయకూడదని నేర్పాను దానికి. గాజులో అన్నయ్య కనపడ్డాడు. బెంచీ మీంచి లేచాడు. కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, చేతులు ఏం చేసుకోవాలో తెలియక చొక్కా జేబు తడుముకున్నాడు, తరవాత మెల్లగా, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, ఆ చేతులు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు. ఎలా జోడించాలో కూడా రాదు ఆయనకి. వేళ్ళు ఎక్కడివక్కడ ఉన్నాయి.

అంతకంటే చూడలేకపోయాను. హెడ్‌ఫోన్స్ తీసి అద్దం మీద కొట్టాను. పిచ్చుక తలుపు తీసుకుని గంతేసుకుంటూ వచ్చింది, ఏమైంది మేడం, గాలి ఆడట్లేదా అంటూ.

"ఎడమ చెవిలో హోరు పెట్టలేదు నువ్వు."

దాని మొహం పాలిపోయింది. చేతి గుడ్డతో మెషీన్ అంచు తుడుస్తూ నిలబడి, "మీరే వచ్చేసిందన్నారు గదా మేడం" అంది. "వచ్చిన చెవికి అక్కర్లేదనుకున్నాను."

నా మాట నమ్మింది. అంతే. నమ్మింది కాబట్టి చూడలేదు, చూడలేదు కాబట్టి మహిమ దొరికింది. దాన్ని ఏమంటాను, గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నదాన్ని. నీ తప్పు కాదమ్మా, హోరు పెట్టి మొదటినుంచీ చెయ్యి అన్నాను. వెళ్ళి కూర్చుంది, ఈసారి గంతు లేదు. ఎడమ చెవిలో వాన మొదలైంది. ఆ వాన వెనక కుడివైపు ఏదీ లేదు. పిచ్చుక చెయ్యి కదలడం కనిపిస్తోంది, అది పంపుతోంది, నాకు చేరడం లేదు, పెంచుతోంది, ఇంకా పెంచుతోంది, ఆ పెంచడంలో దాని ఆశ కూడా కనపడుతోంది, బటన్ నా గుప్పిట్లో ఊరికే ఉంది. వినపడకపోతే ఊరికే కూర్చోండి, అందులో తప్పేం లేదు. ఎంత కష్టమో ఈ ఊరికే కూర్చోవడం, ఒక్కనాడూ తెలియలేదు. దేవుడా, ఉన్నావని నాకు అనుమానం లేదు, ఇప్పటికీ లేదు, మరి నీకు నా దొంగ సంతకం కావాలని ఎందుకనుకున్నాను, నా చెవి రాకపోతే నువ్వు చిన్నబోతావనా, నేను చిన్నబోతాననా. నిన్ను నిలబెట్టడానికి అబద్ధం ఆడానంటే, నువ్వు నిలబడలేవని అన్నయ్యకంటే ముందు నేనే అనుకున్నట్టు గదా. అప్పుడు మళ్ళీ మోగింది. అదే మోత, గాజు గ్లాసు అంచు, సన్నగా, కుడివైపే, నిజంగా కుడివైపే, వేలు బటన్ మీదికి పోయింది, నొక్కేసింది. ఆశగా పిచ్చుక వంక చూశాను. అది రెండు చేతులూ ఎత్తి చూపించింది. మెషీన్ మీద చెయ్యే లేదు. తల అడ్డంగా ఊపి, కళ్ళు దించుకుంది.

వరండాలోకి వచ్చేసరికి అన్నయ్య బెంచీ మీద తన ఎడమపక్క చోటు వదిలి, నాకు కుడివైపు తను ఉండేలా సర్దుకుని కూర్చుని ఉన్నాడు. చేతులు ఇంకా అలాగే ఉన్నాయి. కూర్చున్నాను. కాగితం ఆయన ఒళ్ళో పెట్టాను, ఆయనకి గ్రాఫ్ చదవడం రాదు, నా మొహమే చదవడానికి చూశాడు.

"రాలేదన్నయ్యా," అన్నాను. "చెవి ఎప్పుడూ రాలేదు. ఆ రోజు నేను విన్నది ఉత్త హోరు. నీతో ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడే తెలుసు నాకు."

తిడతాడేమోనని చూశాను. తిట్టలేదు. చేతులు విడదీసి మోకాళ్ళ మీద ఒక్కొక్కటి విడిగా పెట్టుకున్నాడు, అరువు తెచ్చుకున్న వస్తువు తిరిగి ఇచ్చేసినట్టు. పెదాలు కదిలాయి. వినపడలేదు. అలవాటు ప్రకారం నా తల ఊగబోయింది, ఆపుకున్నాను, వినపడలేదన్నయ్యా, ఇటు వచ్చి చెప్పు అన్నాను, ఆ మాట చెప్పడానికి ఇన్ని వారాలు పట్టింది నాకు. ఆయన లేచి నన్ను చుట్టుకుని వచ్చి ఎడమపక్కన కూర్చున్నాడు.

"నడకలో నేను చెప్పినవో?"

చాలావరకు వినలేదన్నాను. ఊఁ కొట్టావు గదా అన్నాడు. కొట్టానన్నాను. ఎదురుగోడ మీద పెద్ద చెవి బొమ్మ వంక చూశాడు, లోపలి మెలికలన్నీ రంగురంగులుగా వేసి ఉంటాయి దాని మీద, పిల్లలకి అది చూపించే నేను పాఠం చెబుతాను.

"అయితే ఇన్నాళ్ళూ వినేవాళ్ళు లేకుండానే మాట్లాడానన్నమాట," అన్నాడు. "దాన్నేగా మీరు ప్రార్థన అంటారు?"

ఎగతాళిగా అని ఉంటే బతికిపోయేదాన్ని. నిజంగానే అడిగాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన మీద ప్రయోగించిన జవాబులన్నీ నాలిక చివరికి వచ్చాయి. వినేవాడున్నాడన్నయ్యా అని నేను అంటే ఆ మాటకి ఇవాళ విలువేముంది, విన్నానని నేనూ అన్నాను గదా. మళ్ళీ చెప్పన్నయ్యా, మొదటినుంచీ, ఈ చెవితో వింటాను అన్నాను. అన్నీ గుర్తుండవే అన్నాడు. అయితే మిల్లు గోడ దగ్గర చెప్పింది, అదొక్కటి చెప్పు అన్నాను, ఆ రోజు చాలాసేపు చెప్పావు.

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "ఆఖరి రోజున మీ వదిన నన్ను తన కోసం ఒక్కసారి దణ్ణం పెట్టమంది. నమ్మక్కర్లేదు, ఊరికే పెట్టు అంది. పెట్టలేదు నేను. నమ్మకుండా పెడితే దాన్ని మోసం చేసినట్టవుతుందనిపించింది."

వరండాలో ఎవరో కుర్చీ ఈడ్చారు. అది కూడా వినపడింది.

"చెప్పాక నీ మొహం చూశాను," అన్నాడు అన్నయ్య. "నువ్వు నవ్వావు. పరవాలేదన్నట్టు తల ఊపావు. ఆ రోజు నాకు నిద్ర పట్టింది చిట్టీ."